వేడెక్కగానే టక్కున ఆగిపోతున్న గడ్డి మిషన్, ప్లగ్గు కార్బొరేటర్ మార్చినా అదే కథ

ఎర్రచెల్క
హాలియా దగ్గర నాలుగెకరాల బత్తాయి తోట మాది. సాళ్ల మధ్య గడ్డికి వెనక నడుచుకుంటూ నడిపే మిషన్ కొన్నాం, కింద అడ్డంగా తిరిగే బ్లేడు, పైన 7 హెచ్‌పీ పెట్రోల్ ఇంజన్, ఫోర్ స్ట్రోక్. ఇది మూడో వానాకాలం. పొద్దున ఒక్క గుంజుకే లేస్తుంది, ఇరవై నిమిషాలు తుంగ, గరిక, వయ్యారిభామ ఏది అడ్డమొచ్చినా కోసుకుంటూ పోతుంది, ఆ తర్వాత ఎవరో స్విచ్ ఆపేసినట్టు టక్కున ఆగిపోతుంది. ఇక ఎంత గుంజినా లేవదు. చెట్టు నీడన అరగంట పెడితే మళ్లీ మామూలే, కానీ రెండోసారి పది నిమిషాలకే ఆగుతుంది. ప్లగ్గు మార్చాను. ఫిల్టర్ కడిగాను. టౌన్‌లో రిపేర్ షాపుకు తీసుకుపోతే పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బొరేటర్ పోయిందన్నారు, 1,400 పెట్టి కొత్తది వేయించాను. ఇంటికొచ్చి కోస్తే మళ్లీ ఇరవై నిమిషాలే. గడ్డి మోకాళ్ల దాకా వచ్చింది, కూలీలంతా వరి నాట్లకు పోయారు, పాముల భయానికి మా అమ్మ తోటలో అడుగు పెట్టట్లేదు. ఎవరికైనా ఇట్లా అయిందా?

నకిరేకల్_నిమ్మ
ట్యాంకు మూత చూడండి ముందు. మూతలో సన్న రంధ్రం ఉంటుంది, పెట్రోల్ దిగుతున్న కొద్దీ గాలి లోపలికి పోవాలి కదా, అది దుమ్ముతో మూసుకుపోతే ట్యాంకులో గాలి లేక పెట్రోల్ దిగడం ఆగిపోతుంది. మిషన్ ఆగిన వెంటనే మూత తిప్పండి. ఉస్సుమని చప్పుడొస్తే దొంగ దొరికినట్టే.

కొల్లాపూర్_తోట
నకిరేకల్ అన్న చెప్పిందే. మామిడి తోటలో మాకు అచ్చం ఇట్లనే అయింది, పిన్నీసుతో పొడిస్తే పోయింది. పైసా ఖర్చు లేదు.

మునుగోడు_పిల్లగాడు
మూత కాదన్నా, పెట్రోలే మొత్తం సమస్య. 2022 నాటికి దేశమంతా 10 శాతం ఇథనాల్ కలిపారు, 2025కి 20 శాతం. ఇథనాల్ గాలిలో తేమను గుంజుకుంటుంది. వానాకాలంలో క్యాన్‌లో నెల రోజులు పెట్టిన పెట్రోల్ తెచ్చి పోస్తే ఇంజన్ ఇంకేం నడుస్తుంది? కార్బొరేటర్ కింద గిన్నెకు బోల్టు ఉంటుంది, అది వదులు చేసి పెట్రోల్‌ను గాజు సీసాలో పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచు. అడుగున నీళ్లలాగ వేరే పొర కనబడితే నేను చెప్పిందే.

వనపర్తి_వల్లి
పెట్రోల్‌లో నీళ్లుంటే పొద్దున కూడా లేవదు కదా తమ్ముడూ. అరగంట ఆగగానే నీళ్లు ఎక్కడికి పోతాయి? ఆయన చల్లారితే లేస్తుంది అంటున్నారు. వేడికి సంబంధించినది ఏదో ఉంది.

మునుగోడు_పిల్లగాడు
ఇథనాల్ తొందరగా ఆవిరి అవుతుంది అక్కా. ఇంజన్ వేడికి పైపులో బుడగ కట్టి పెట్రోల్ అందదు. చల్లారితే మళ్లీ అందుతుంది. లెక్క సరిపోయింది చూడు.

వనపర్తి_వల్లి
అట్లయితే ఆగే ముందు మిషన్ నీరసపడాలి, దగ్గాలి, గాలి తగ్గించే చోక్ వేస్తే కాసేపు కోలుకోవాలి. ఆయన రాసింది "టక్కున" అని.

దేవరకొండ_స్పానర్
వల్లి గారు పట్టుకున్న మాటే అసలు మాట. నేను పాతికేళ్లుగా పంపుసెట్లు, స్ప్రేయర్లు, వీడర్లు, ఈ గడ్డి మిషన్లు విప్పుతున్నాను. నా దగ్గరికొచ్చే వాళ్లను మొదట అడిగేది ఒక్కటే, ఎట్లా ఆగింది అని. పెట్రోల్ అందక ఆగే ఇంజన్ ఏడుస్తూ ఆగుతుంది, రేసు తగ్గుతుంది, లేస్తుంది, మళ్లీ తగ్గుతుంది, రెండు మూడు దగ్గులు దగ్గి పోతుంది. ప్లగ్గుకు కరెంటు పోయి ఆగే ఇంజన్ మాట మధ్యలో ఫోన్ కట్ అయినట్టు పోతుంది. నూటికి నూరుసార్లు ఇదే అనను, కానీ ఎటు వెతకాలో దారి చూపిస్తుంది.

తమ్మీ, ఇంకేదీ కొనకు. రేపు కోసేటప్పుడు జేబులో ఇంకో మంచి ప్లగ్గు పెట్టుకుని పో. మిషన్ ఆగిన నిమిషంలోనే, చల్లారకముందే, ఇంజన్ ప్లగ్గు విప్పకుండా దాని క్యాప్ మాత్రం తీసి జేబులో ప్లగ్గుకు తొడుగు. ఆ ప్లగ్గు ఇనుప భాగాన్ని ఇంజన్ బోల్టుకు ఆనించి, రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని తాడు గుంజమని ఎవరికైనా చెప్పు. పెట్రోల్ కాక్ కట్టెయ్యి, ట్యాంకు మూత బిగించి ఉండాలి, సైలెన్సర్ పక్కన చెయ్యి పెట్టకు. నీలం రంగు నిప్పురవ్వ టక్ టక్‌మని కనబడితే కరెంటు బాగున్నట్టు, అప్పుడు పెట్రోల్ వైపు పోదాం. రవ్వ లేకపోతే కార్బొరేటర్ గురించి ఇక మాట్లాడొద్దు. షాపులో చల్లారిన మిషన్ చూశారు, చల్లగా ఉన్నప్పుడు దానికి జబ్బే లేదు, అందుకే దొరకలేదు.

హాలియా_కెనాల్
ఆయిల్ ఎంతుందో చూసుకున్నారా? ఆయిల్ తగ్గితే తనంతట తానే ఆగిపోయే సెన్సార్ ఉంటుంది ఈ ఇంజన్లలో. మా చేను గట్టు వాలుగా ఉంటుంది, అక్కడికి పోగానే ఆగేది. ఆయిల్ ఒక పక్కకు ఒరిగి సెన్సార్‌కు అందట్లేదని తర్వాత తెలిసింది.

ఎర్రచెల్క
ఆయిల్ నిండా ఉంది, తోట సమతలమే. మూత వదులు చేసి కోశాను, ఉస్సు లేదు బుస్సు లేదు, ఇరవై రెండు నిమిషాలకు ఆగింది. సీసాలో పెట్రోల్ పట్టి చూశాను, ఒకటే రంగు, పొర లేదు. స్పానర్ అన్న చెప్పిన పరీక్ష రేపు పొద్దున చేస్తాను, మా తమ్ముడు తాడు గుంజుతాడు.

పాలమూరు_పల్లేరు
ఇదే చోట నాదీ అడుగుతాను, ఏమనుకోవద్దు. నా మిషన్ ఆగదు కానీ రేసు దానంతట అదే లేస్తుంది, పడుతుంది, ఊంం ఊంం అని ఊయల ఊగినట్టు. చోక్ సగం వేస్తే నిలకడగా నడుస్తుంది. అట్లనే నడపొచ్చా?

దేవరకొండ_స్పానర్
నడపొద్దు. చోక్ సగం వేస్తే బాగుపడుతోందంటే ఇంజన్‌కు పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ అందుతోందన్నమాట. నీ కార్బొరేటర్‌లో చిన్న జెట్, అంటే పెట్రోల్ పోయే సన్న రంధ్రం ఉన్న ముక్క, మూసుకుపోయింది. పెద్ద జెట్ అందరూ కడుగుతారు, పక్కన ప్లాస్టిక్ తలతో ఉండే చిన్నదాన్ని వదిలేస్తారు. కనీస రేసు సరిచేసే స్టాప్ స్క్రూ ఎన్ని చుట్లు ఉందో గుర్తు పెట్టుకుని విప్పు, చిన్న జెట్‌ను స్క్రూడ్రైవర్‌తో మెల్లగా పైకి లేపు. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే రంధ్రం వెంట్రుక మందం కనబడాలి. మోటుగా సూది గుచ్చితే రంధ్రం పెద్దదవుతుంది, కార్బొరేటర్ క్లీనర్ కొట్టు, సన్న రాగి వైరు పోగు ఒక్కటి పంపు, చాలు. కార్బొరేటర్‌కు ఇంజన్‌కు మధ్య ప్యాకింగ్ పగిలి గాలి పీల్చినా ఇదే లక్షణం, అది కూడా చూడు.

మునుగోడు_పిల్లగాడు
నేను అన్నది అక్కడ నిజమైంది కదా అన్నా, చిన్న జెట్ మూసుకుపోయేది నిల్వ పెట్రోల్ జిగురుతోనే.

దేవరకొండ_స్పానర్
నిజమే తమ్మీ, పాలమూరాయన విషయంలో నీ మాటకు నేను ఓటేస్తాను. సీజన్ అయిపోయాక కాక్ కట్టేసి ఇంజన్ తనంతట ఆగేదాకా నడిపితే గిన్నె ఖాళీ అవుతుంది, జిగురు పట్టదు. చాలామంది ట్యాంకు నిండా పెట్టి కొట్టంలో పెడతారు, జూన్‌లో తీసి తాడు గుంజీ గుంజీ భుజం పట్టించుకుంటారు.

ఎర్రచెల్క
పరీక్ష చేశాం. పద్దెనిమిది నిమిషాలకు ఆగింది. వెంటనే క్యాప్ తీసి వేరే ప్లగ్గు పెట్టి తమ్ముడు ఎనిమిదిసార్లు గుంజాడు. రవ్వ లేదు. ఒక్కటి కూడా లేదు. గోనెసంచి అడ్డం పట్టి నీడలో చూశాను, అనుమానమే లేదు. అరగంట తర్వాత అదే ప్లగ్గు అట్లనే పెట్టి గుంజితే చటచటా నీలం రవ్వలు. నా 1,400 గంగలో పోసినట్టే కదా.

కొల్లాపూర్_తోట
అయితే ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్. వేడెక్కితే లోపల తీగ తెగినట్టయి చల్లారితే అతుక్కుంటుంది. కొత్తది వేసెయ్యి, ఈ ఇంజన్‌కు అన్నిచోట్లా దొరుకుతుంది.

వనపర్తి_వల్లి
నాకూ రెండేళ్ల కింద కాయిల్ అనే మార్చారు. రెండు నెలలకు మళ్లీ ఆగింది, మళ్లీ మార్చారు. కాయిల్‌దే తప్పా అని అప్పటి నుంచి నాకు అనుమానం.

దేవరకొండ_స్పానర్
కొనకముందు ఇంకో పరీక్ష ఉంది తమ్మీ, దీన్ని వదిలేసే చాలామంది మంచి కాయిల్ పారేస్తున్నారు. ఈ ఇంజన్లలో స్విచ్ ఆపడం అంటే కరెంటు తెంచడం కాదు, కాయిల్ నుంచి వచ్చే సన్న వైరును ఇంజన్ బాడీకి తగిలించడం. బాడీకి తగిలిందా, కరెంటు మట్టిలో కలిసింది, ప్లగ్గుకు రాదు. ఆయిల్ సెన్సార్ కూడా చేసేది అదే పని. అంటే కాయిల్, స్విచ్, సెన్సార్, వైరు, ఈ నాలుగింటిలో ఏది చెడినా పైకి కనబడేది ఒకటే, రవ్వ రాదు.

మళ్లీ కోసి ఆగనివ్వు. ఆగగానే స్విచ్‌కు పోయే నల్ల వైరు జాయింటు, సెన్సార్ పసుపు వైరు జాయింటు రెండూ ఊడదీసి గాలిలో ఉంచి రవ్వ చూడు. కొన్నింటిలో రంగులు వేరే ఉంటాయి, వైరు ఎక్కడికి పోతుందో చూసుకో. రవ్వ వస్తే కాయిల్ నిక్షేపంలా ఉంది, స్విచ్చో సెన్సారో చూద్దాం. రాకపోతే కాయిల్ కావచ్చు, లేదా కాయిల్‌కు జాయింటుకు మధ్య ఉన్న వైరు ముక్క కావచ్చు, అది చూడాలంటే తాడు కవరు, ఫ్యాను కవరు విప్పాలి. పరీక్ష అయ్యాక సెన్సార్ వైరు మళ్లీ తగిలించెయ్యి. అది పీకేసి నడిపి ఆయిల్ లేక ఇంజన్ పట్టేసిన మిషన్లు నా షెడ్డులో ఇప్పుడు రెండున్నాయి.

కల్వకుర్తి_జొన్న
స్పానర్ అన్నా నాదొకటి. గడ్డిలో రాయి కనబడక బ్లేడు గట్టిగా కొట్టుకుంది, ఇంజన్ ఠక్కున నిలబడిపోయింది. అప్పటి నుంచి తాడు గుంజితే చేతిలోంచి వెనక్కి లాక్కుంటుంది, మణికట్టు వాచింది. లేచినా సైలెన్సర్ నుంచి టపాకాయల్లా పేలుతుంది.

దేవరకొండ_స్పానర్
తాడు గుంజడం ఆపెయ్యి, చెయ్యి విరుగుతుంది. అయస్కాంతం చక్రం కింద షాఫ్ట్‌లో చక్రం జరగకుండా పట్టి ఉంచే చిన్న ఇనుప ముక్క, కీ అంటారు, ఉంటుంది, దెబ్బకు అది తెగి చక్రం కాస్త పక్కకు జరిగి ఉంటుంది. రవ్వ రావాల్సిన సమయానికి రాక ముందో వెనకో వస్తోంది, అందుకే వెనక్కి తన్నడం. పుల్లర్‌తోనే తీయించు, సుత్తితో కొడితే చక్రం పగులుతుంది. బ్లేడు జోలికి పోయే ముందు ప్లగ్గు క్యాప్ తీసి పక్కకు పెట్టు, ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

నకిరేకల్_నిమ్మ
ఆ చివరి మాట అందరూ గుర్తు పెట్టుకోండి. మా ఊళ్లో ఒకాయన చుట్టుకున్న గడ్డి తీద్దామని బ్లేడు చేత్తో తిప్పితే ఇంజన్ ఒక్క చుట్టు తిరిగింది. రెండు వేళ్లు పోయాయి.

ఎర్రచెల్క
రెండు వైర్లూ ఊడదీసి చూశాను. వేడి మీద రవ్వ లేదు. ఇక కాయిలే అనుకుని దుకాణానికి ఫోన్ చేశాను, 650 అన్నారు. కానీ స్పానర్ అన్న మాట ప్రకారం కొనకముందే కవరు విప్పాను, 8, 10 నంబరు స్పానర్లతో గంట పట్టింది.

ఏం చెప్పమంటారు. ఫ్యాను కవరు తీయగానే సిలిండర్ కనబడలేదు. దాని చుట్టూ ఉండే రేకుల మధ్య గడ్డి పొడి, దుమ్ము, ఆయిల్ జిడ్డు కలిసి పిడకలాగ గట్టిపడి ఉంది, మూడు వానాకాలాల గడ్డి. స్క్రూడ్రైవర్‌తో గీకితే పలకలు పలకలుగా ఊడింది, అడుగు పొర మాడి నల్లగా ఉంది. అది తీశాక కాయిల్ నుంచి కిందికి దిగే నల్ల వైరు బయటపడింది. క్లిప్పులోంచి జారి సిలిండర్ రేకుల మీద పడి ఉంది, ఒక్కచోట గోరు మందం మేర ప్లాస్టిక్ కరిగిపోయి రాగి కనబడుతోంది. చల్లగా ఉన్నప్పుడు చూస్తే రేకుకు దారమంత దూరంలో ఉంది. వేడికి మెత్తబడి కిందికి వాలి రేకుకు తగులుతున్నట్టుంది. అదేనా అన్నా?

దేవరకొండ_స్పానర్
అదే తమ్మీ. నువ్వు ఊడదీసిన జాయింటు దానికి బయట ఉంది, అందుకే పరీక్షలో రవ్వ రాలేదు. కాయిల్ కొనకు. వేడిని తట్టుకునే వైరు ముక్క వేసి, పైన ఫైబర్ స్లీవ్ తొడిగి, రేకులకు దూరంగా క్లిప్పు పెట్టు. ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేస్తే మళ్లీ కరుగుతుంది. రేకుల సందులు వెదురు పుల్లతో గీకి పంక్చర్ షాపులో గాలి కొట్టించు. నీళ్లు కొట్టకు. కాయిల్ విప్పి ఉంటే బిగించేటప్పుడు చక్రానికి కాయిల్‌కు మధ్య 0.4 మిల్లీమీటరు సందు పెట్టు, విజిటింగ్ కార్డు దూర్చి బిగిస్తే దాదాపు సరిపోతుంది, కార్డు తీయడం మర్చిపోవద్దు.

మునుగోడు_పిల్లగాడు
పెట్రోల్ అని నేను మొండిగా పట్టుబట్టాను, తప్పు నాదే. అయితే ఆ గడ్డి పేరుకోవడమే వైరు కరగడానికి కారణమా?

దేవరకొండ_స్పానర్
అవును. ఈ ఇంజన్‌కు నీళ్ల చల్లదనం లేదు, ఫ్యాను తోసే గాలి ఆ రేకుల సందుల్లోంచి పోతేనే చల్లబడుతుంది. సందులు మూసుకుపోతే కవరు లోపల పొయ్యే. రోడ్డు పక్క జనరేటర్‌కు ఉండే ఇంజన్ ఇదే అయినా దానికి ఈ బాధ తక్కువ, గడ్డి మిషన్ తాను కోసిన పొట్టు మధ్యలోనే ఊపిరి పీలుస్తుంది. ఎండిన గడ్డి కోసే రోజుల్లో పాతిక ముప్పై గంటలకోసారి తాడు కవరు తీసి చూసుకోవాలి.

ఎర్రచెల్క
వైరు వేశాం, స్లీవ్‌తో కలిపి 60 రూపాయలు. నిన్న మధ్యలో పెట్రోల్ పోయడానికి తప్ప ఆగకుండా రెండు గంటలు కోశాను, ఆ చప్పుడు వింటుంటే ప్రాణం లేచొచ్చింది. పెట్రోల్ పోసేటప్పుడు కూడా స్పానర్ అన్న కోప్పడతాడని పావుగంట చల్లార్చి పోశాను. ఒక్కటే మిగిలింది, వేడి మీద మళ్లీ లేపాలంటే ఆరేడు గుంజులు పడుతోంది, తాడు కూడా తేలిగ్గా వస్తున్నట్టుంది.

వనపర్తి_వల్లి
అది టాపెట్లు, అంటే వాల్వుల దగ్గరి సందులు, అయ్యుండొచ్చు. అంత వేడిలో మూడేళ్లు నడిచింది కదా. నాది కూడా తాడు తేలికైపోతే టాపెట్లే సరిచేశారు.

దేవరకొండ_స్పానర్
వల్లి గారి మాటే నా మాట. వేడికి వాల్వు సాగుతుంది, సందు తక్కువుంటే పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ జారిపోతుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక, రాత్రంతా పెట్టి పొద్దున చూస్తే మేలు, నాలుగు బోల్టుల మూత విప్పు. రెండు వాల్వులూ మూసుకుని పిస్టన్ పైన ఉన్నప్పుడు సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టు. హోండా జీఎక్స్ 200 లెక్క గాలి వాల్వుకు 0.15, పొగ వాల్వుకు 0.20 మిల్లీమీటరు. నీది ఆ నమూనా ఇంజనే అయితే అదే లెక్క, మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఒకసారి సరిచూసుకో. ఆయిల్ కూడా మార్చెయ్యి, అంత వేడిలో ఉడికిన ఆయిల్‌లో సత్తువ ఉండదు. 10డబ్ల్యూ-30, ఆ ఇంజన్‌కు 0.6 లీటర్ పడుతుంది. ఆ తర్వాత వంద గంటలకో ఆరు నెలలకో, ఏది ముందొస్తే అప్పుడు.

పాలమూరు_పల్లేరు
చిన్న జెట్ తీసి కడిగాను. మొదట వెలుతురు కనబడలేదు, క్లీనర్ మూడుసార్లు కొడితే ఆకుపచ్చ జిగురు ముక్క బయటికొచ్చింది. ఊగడం పోయింది. రుణపడి ఉంటాను అన్నా.

హాలియా_కెనాల్
ఎర్రచెల్క అన్నా, ఈ తిప్పలన్నీ ఎందుకు, రోటవేటర్ కొట్టిస్తే గంటలో పని అయిపోతుంది కదా తోటలో.

ఎర్రచెల్క
బత్తాయికి వద్దు తమ్ముడూ. ఆహారం తీసుకునే సన్న వేర్లన్నీ పైపైనే ఉంటాయి, రోటవేటర్ పడితే తెగిపోతాయి. మా నాన్న ఉన్నప్పుడు ఒక ఏడాది దున్నించి ఎనిమిది చెట్లు ఎండబెట్టుకున్నాం, ఆ గుంతలు ఇప్పటికీ ఉన్నాయి. కోసి పడేసిన గడ్డి మొదళ్ల దగ్గర పరుచుకుంటే ఎండాకాలం తేమ కూడా ఆగుతుంది. అందుకే ఈ మిషన్ కోసం ఇంత తండ్లాట.

ఎర్రచెల్క
టాపెట్లు చూశాను. గాలి వాల్వు సరిగ్గానే ఉంది, పొగ వాల్వు 0.10 కూడా బిగుతుగా దూరింది. 0.20 పెట్టి లాక్ నట్టు బిగించాను. ఆయిల్ తీస్తే కాఫీ డికాషన్ కంటే నల్లగా ఉంది. కొత్త ఆయిల్ పోసి ఈ పొద్దున గంటన్నర కోసి కావాలని ఆపాను, రెండో గుంజుకే లేచింది. రెండెకరాలు అయిపోయింది, మిగతాది ఆదివారం లోపు కోసేస్తాను. అమ్మ సాయంత్రం తోటలోకి వచ్చి కాయ చూసుకుని పోయింది.

కొల్లాపూర్_తోట
పాత కార్బొరేటర్ పారేయకండి, దాంట్లో లోపమే లేదు కదా.

ఎర్రచెల్క
కడిగి, గిన్నె రబ్బరు వాషర్ మార్చి డబ్బాలో పెట్టాను.

వనపర్తి_వల్లి
ఇదంతా చదివి ఈ రోజు నా మిషన్ కవరు విప్పించాను. రెండు కాయిళ్లు మార్చిన మిషన్. సిలిండర్ వెనక వైపు ఎండు గడ్డి పిడికెడు, దాని మీద ఉడత పెట్టిన పీచు. కాయిల్ పక్కనే మాడిన వాసన. వైరుకు ఇంకా ఏం కాలేదు, ప్లాస్టిక్ ఒకచోట మెరుస్తోంది అంతే. అన్నా, ఆ ఫైబర్ స్లీవ్ ఎన్ని మిల్లీమీటర్లది అడగాలి?

దేవరకొండ_స్పానర్
మూడు మిల్లీమీటర్లది అడగండి అమ్మా. మోటారు వైండింగ్ చేసే దుకాణంలో దొరుకుతుంది, జానెడు చాలు.